చౌక టెలిఫోను – చిక్కు బిల్లు
(జాతీయ వినియోగదారుల దినమున గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు డిసెంబరు 24వ తేది. 1986వ సంవత్సరమున ఇదే దినమున మన దేశపు వినియోగదారుల రక్షణ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది. అందువలన ఏటేట ఈ దినమును జాతీయ వినియోగదారుల దినముగా జరుపుకొనుచున్నాము. ఇట్టి సభలలో విత్తనముల కల్తీని గూర్చి, ఎరువుల తూకమును గూర్చి, పెట్రోలు కొలతను గూర్చి మాట్లాడుట వాడుక. అవి యన్నియు ముఖ్యమైనవే. కాని ఈ దినమున మేము వేరొక సరకును గూర్చి చెప్పదలచితిమి. ఆ సరకు కంటికి కనబడదు, కాటాపై తూగదు, గోనెలో నింపుటకు వీలులేదు. అది టెలిఫోనులో మాట్లాడు కాలము. దానిని నిమిషముల లెక్కన, నెలల లెక్కన మనమందరము కొనుచున్నాము. కొలత అమ్మువాని చేతిలో ఉన్నది. లెక్క వ్రాయువాడును అతడే. అట్టి సరకు కొనునపుడు ఎంత మెలకువ వలయునో అమెరికా దేశపు అనుభవము చక్కగా తెలుపుచున్నది.

అమెరికా సంగతులు మన ఊరికెందుకని కొందరికి తోచవచ్చును. అందులకు రెండు కారణములున్నవి. దూరప్రాంతములతో చౌకగా మాట్లాడించెదమని కంపెనీలు ఒకదానితో నొకటి పోటీపడుట పెద్ద ఎత్తున ముందుగా ఆ దేశములోనే జరిగినది. ఆ పోటీవలని మేలును, కీడును అక్కడి ప్రజలు ముందుగా చవిచూచిరి. ఇది మొదటి కారణము. మన జిల్లాలనుండి ఎందరో బిడ్డలు చదువులకై, ఉద్యోగములకై ఆ దేశమునకు వెళ్ళిరి. వారు తల్లిదండ్రులతో మాట్లాడిన మాటలును ఆ బిల్లులలో పద్దులైనవి. ఇది రెండవది.

ఒక కంపెనీకి బదులు అనేక కంపెనీలు

అమెరికాలో చాలకాలము ఏ.టి. అండ్ టి. అను ఒక్క కంపెనీయే, తన అనుబంధ కంపెనీలతో కూడి, దేశములో అధికభాగమునకు టెలిఫోను సౌకర్యము కల్పించుచుండెను. ఇంటికి తీగ వేయునది అదియే. దూరపు ఊళ్ళకు కలుపునదియు అదియే. 1969లో చికాగో, సెయింట్ లూయీ నగరముల మధ్య వేరుగా మైక్రోవేవ్ మార్గము నడుపుకొనుటకు ఎం.సి.ఐ. అను చిన్న కంపెనీకి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను అనుమతి నిచ్చినది. టెలిఫోను, రేడియోల వంటివానిని అదుపులో నుంచుటకు ఏర్పడిన అచ్చటి ప్రభుత్వ సంస్థ ఇది. పిమ్మట 1974లో ప్రభుత్వము ఏ.టి. అండ్ టి. గుత్తాధిపత్యమునకు వ్యతిరేకముగా దావా వేసినది. 1982లో రాజీ కుదిరినది. 1984 జనవరి 1వ తేదినుండి ఊరిలోపలి టెలిఫోను వ్యాపారము ఏడు ప్రాంతీయ కంపెనీల క్రింద వేరుపడినది. దూరప్రాంతముల వ్యాపారము ఏ.టి. అండ్ టి. వద్ద మిగిలినను, దానిలో ఎవరైనను పోటీ చేయవచ్చునని తేలినది.

ఇక దూరపు ఫోనులకు ఏ కంపెనీ కావలయునో ఇంటివారే ఎన్నుకొనవచ్చును. సొంత మార్గములున్న పెద్ద కంపెనీలు కొన్ని. వానివద్ద నిమిషములను టోకున కొని చిల్లరగా అమ్ముకొను చిన్న కంపెనీలు అనేకము. మండీలో బస్తాల లెక్కన కొని సంతలో కిలోల లెక్కన అమ్ము వర్తకము వంటిదే ఇదియు. దీనివలన ప్రజలకు గొప్ప మేలు కలిగిన మాట నిజము. దూరపు ఫోను ధరలు ఏడాదికేడాది దిగివచ్చినవి. పండుగకో, ఆపదకో మాత్రమే దూరపు చుట్టముతో మాట్లాడువారు వారము వారము మాట్లాడగలిగిరి. పోటీ చెడ్డదని మేము చెప్పుటలేదు. పోటీలో దిగిన ధర కొనువానికి నిజముగా చేరుచున్నదా లేదా అనునదే మా ప్రశ్న.

నిమిషము వెల వేరు, నెల బిల్లు వేరు

ప్రకటనలో పెద్ద అక్షరములతో కనబడునది నిమిషము వెల. బిల్లులో మరికొన్ని పద్దులు చేరును. ఒక ఉదాహరణము చూతము. ఒక కంపెనీ నిమిషమునకు 5 సెంట్లనియు, నెలకు 4 డాలర్ల 95 సెంట్లు స్థిరరుసుమనియు చెప్పినదనుకొందము. వేరొక కంపెనీ నిమిషమునకు 10 సెంట్లు చెప్పి, స్థిరరుసుము లేదన్నదనుకొందము. మొదటిది సగము ధరకే వచ్చుచున్నట్లు తోచును. కాని నెలకు 30 నిమిషములు మాత్రమే మాట్లాడు ముసలి దంపతులకు మొదటి కంపెనీ బిల్లు 6 డాలర్ల 45 సెంట్లు. రెండవదాని బిల్లు 3 డాలర్లు. అనగా చౌక అనుకొన్నది రెండింతలకు మించినది. ఈ స్థిరరుసుము ఒక్కమాటయైనను మాట్లాడని నెలలో కూడ పడును.

రెండవది, నిమిషమును పూర్తిచేసి లెక్కగట్టు పద్ధతి. ఒక నిమిషము 5 సెకనులు మాట్లాడినను రెండు నిమిషములుగా వ్రాయుదురు. చిన్న చిన్న ఫోనులు అనేకము చేయు ఇంటికి దీనివలన నష్టమెక్కువ. మూడవది, కనీసపు రుసుము. ముందుగా ఏడంకెల ప్రత్యేక సంఖ్యను త్రిప్పి, ఆపైన కావలసిన నంబరు త్రిప్పినచో, తమ కంపెనీ కాని వేరొక కంపెనీ మార్గమున మాట్లాడు వీలు అచ్చట ఉండెడిది. 1990వ దశాబ్దపు చివర ఇట్టి సంఖ్యల ప్రకటనలు టెలివిజనులో విరివిగా వచ్చెడివి. 20 నిమిషములవరకు 99 సెంట్లు అనునది వానిలో నొకటి. ఇరువది నిమిషములు మాట్లాడువానికి అది చౌకయే. అవతల ఎవరును పలుకక, సందేశము నందుకొను యంత్రము పలికినను, అర నిమిషమునకే అదే 99 సెంట్లు. పలికినది యంత్రమైనను ఫోను కలిసినట్లే లెక్క.

ఇట్టి ప్రకటనలపై ఫిర్యాదులు పెరుగగా 2000 సంవత్సరమున కమ్యూనికేషన్స్ కమిషనును, వర్తకపు మోసములను విచారించు ఫెడరల్ ట్రేడ్ కమిషనును కలిసి ఒక విధాన ప్రకటన చేసినవి. నిమిషము వెల చెప్పు కంపెనీ కనీసపు రుసుమును, నెలసరి రుసుమును, ఆ వెల ఏ వేళలకు మాత్రమే వర్తించునో దానిని కూడ స్పష్టముగా చెప్పవలయునని అందులోని సారాంశము.

అడుగకయే మారిన కంపెనీ

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి వచ్చినది. ఇంటివారు కోరకయే వారి టెలిఫోనును ఒక కంపెనీనుండి వేరొక కంపెనీకి మార్చివేయుట మొదలైనది. దీనిని అచ్చటివారు స్లామింగు అందురు. బహుమతి పోటీకని నింపిన కాగితములో కంపెనీ మార్పునకు సమ్మతి ఇమిడియుండును. తపాలాలో వచ్చిన చిన్న చెక్కును మార్చుకొనినచో, వెనుక సన్నని అక్షరములలో ఉన్న మార్పునకు ఒప్పుకొనినట్లగును. ఒక్కొక్కప్పుడు సంతకమే కల్పితము. బిల్లు వచ్చువరకు ఆ ఇంటివారికి ఈ సంగతి తెలియదు. బిల్లును చదువనివారికి అప్పటికిని తెలియదు. 1997లో కమ్యూనికేషన్స్ కమిషనుకు ఈ ఒక్క విషయముననే 20 వేలకు పైగా ఫిర్యాదులు చేరినవి.

దీనికి తోబుట్టువువంటి మోసము మరియొకటి కలదు. కోరని సేవలను చిన్న పద్దులుగా బిల్లులో చేర్చుటను క్రామింగు అందురు. నెలకు రెండు మూడు డాలర్లు. పేరు చూచినచో సభ్యత్వ రుసుమనియో, సందేశపు సేవయనియో ఉండును. అంత చిన్న మొత్తముకొరకు ఎవరు పోట్లాడుదురులే అనునదే ఆ వ్యాపారపు మూలధనము.

ఫిర్యాదు వినువాడెవడు?

అమెరికాలో దూరపు కంపెనీల పద్దులు తరచుగా స్థానిక కంపెనీ బిల్లులోనే కలిసి వచ్చెడివి. తప్పు పద్దు కనబడి స్థానిక కంపెనీ నడిగినచో, వసూలు మాత్రమే మాది, లెక్క వారిది అని బదులు వచ్చును. దూరపు కంపెనీకి ఫోను చేసినచో యంత్రము పలుకును, సంగీతము వినిపించును, మనిషి దొరకుటకు చాలసేపు పట్టును. ఆ కంపెనీ టోకున కొని చిల్లరగా అమ్మునదైనచో, మార్గము సొంతదారుగల పెద్ద కంపెనీ, మీరు మా ఖాతాదారులు కారనును. మువ్వురి నడుమ ఫిర్యాదు ఎటుపోవునో తెలియదు. ఈలోగా చెల్లింపు గడువు దాటును. ఫోను తీసివేయుదురేమోనను భయము పట్టుకొనును. ఆ భయముచేతనే అనేకులు తప్పు బిల్లును చెల్లించి ఊరకుండిరి.

ఇచ్చట ఆలోచింపవలసిన మాట ఒకటున్నది. ధర తగ్గించిన వర్తకుడు ఆ తగ్గింపును ఎక్కడనో మిగుల్చుకొనవలయును. మంచి యంత్రములవలన, టోకు బేరమువలన మిగిల్చినచో సంతోషమే. ఫిర్యాదులు వినవలసిన మనుషులను తగ్గించి మిగిల్చినచో, ఆ ధర చౌక కాదు. ఫోను వెలలో నిమిషము వెలయొక పాలు; తప్పు జరిగినపుడు జవాబు చెప్పు పూచీ రెండవ పాలు. రెండవ పాలు లేని సరకును తక్కువ వెలకు కొనుట విరిగిన కాటాతో తూచిన ధాన్యమును కొనుట వంటిది.

చట్టము చేసిన సహాయము

ప్రజల ఫిర్యాదులు ఊరక పోలేదు. 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టములో, నిర్ణీత పద్ధతిన సమ్మతిని ధ్రువపరచుకొనక ఖాతాదారుని కంపెనీని మార్చరాదని శాసించిరి. పిమ్మట కమిషను నియమములు మరింత గట్టిపడినవి. సమ్మతి పత్రము స్పష్టముగా ఉండవలయును. బహుమతి కాగితములో దానిని ఇమిడ్చరాదు. ఫోనులో సమ్మతి తీసికొన్నచో, కంపెనీతో సంబంధము లేని మూడవ వ్యక్తి దానిని ధ్రువపరచుట మొదలగు పద్ధతులలో నొకటి పాటింపవలయును. తాను స్వయముగా చెప్పనిదే కంపెనీని మార్చవలదని ఖాతాదారుడు ముందుగానే కట్టడి చేసికొనవచ్చును. అక్రమముగా మార్చినట్లు తేలినచో, ఇంకను డబ్బు కట్టనివాడు మొదటి 30 దినముల రుసుము చెల్లింపనక్కరలేదు. కట్టివేసినచో, అక్రమము చేసిన కంపెనీ ఆ మొత్తమునకు ఒకటిన్నర రెట్లు అసలు కంపెనీకి ఇయ్యవలయును. అందులోనుండి, తాను కట్టినదానిలో సగము ఖాతాదారునకు తిరిగివచ్చును.

1999లో బిల్లులను గూర్చియే వేరు నియమములు వచ్చినవి. ప్రతి పద్దునకెదుట అది ఏ కంపెనీదో పేరుండవలయును. పద్దు వివరము సామాన్యునికి తెలియు మాటలలో ఉండవలయును. ప్రశ్నించుటకు ఉచితమైన ఫోను నంబరు ఉండవలయును. ఏ పద్దు చెల్లింపకున్న స్థానిక ఫోను తీసివేయుదురో, ఏది చెల్లింపకున్న తీసివేయరో వేరువేరుగా చూపవలయును. ఈ చివరి నియమము ఫోను పోవునను భయముతో తప్పు బిల్లును చెల్లించువారికి ఎంతో ధైర్యమిచ్చినది. క్రామింగు మాత్రము వెంటనే పోలేదు. 2012లో పెద్ద స్థానిక కంపెనీలు కొన్ని, ఇతరుల చిల్లర సేవల పద్దులను తమ బిల్లులలో చేర్చుట మానుకొనెదమని ప్రకటించిన పిమ్మటనే అది తగ్గుముఖము పట్టినది.

మనవారు కొనిన కార్డులు

ఆ దేశములో చదువుకొన బోయిన మన పిల్లలు బిల్లుల బాధ లేకుండుటకై ముందుగా డబ్బు చెల్లించు ఫోను కార్డులు కొనెడివారు. అయిదు డాలర్ల కార్డుపై ఇండియాకు ఇన్ని నిమిషములని పెద్దగా అచ్చువేసి యుండును. ఫోను పెట్టివేసిన ప్రతిసారి ఒక రుసుము, వారమున కొకసారి నిర్వహణపు రుసుము, నిమిషములను గుండుగా లెక్కగట్టుట – ఇవి సన్నని అక్షరములలో ఉండును. తల్లితో రెండుమార్లు మాట్లాడునప్పటికి కార్డు అయిపోవును. ఇచ్చట ఇంటివద్ద తల్లి, మాట మధ్యలో ఫోను తెగినదేమని కంగారుపడును. 2008, 2009 సంవత్సరములలో ఫెడరల్ ట్రేడ్ కమిషను కొన్ని కార్డుల కంపెనీలపై న్యాయస్థానమునకు వెళ్ళినది. కార్డులను కొని పరీక్షించి, చెప్పిన నిమిషములకంటె ఎంతో తక్కువ వచ్చుచున్నవని చూపినది. పైన పటారము, లోన లొటారము అని మన పెద్దలు చెప్పినది ఇట్టివానిని గూర్చియే.

ఇప్పుడు అమెరికాలో చాలమందికి దూరపు ఫోనునకు వేరు వెల లేదు. సెల్‌ఫోనులు, ఇంటర్నెట్ మాటలు వచ్చి ఆ వ్యాపారము సన్నగిల్లినది. మోసపు పద్ధతులు మాత్రము క్రొత్త వేషముతో ఎక్కడికైనను రాగలవు.

మన గ్రామములలో చేయవలసినది

మన దేశమున 1960లో లక్నో, కాన్పూరు నగరముల మధ్య నేరుగా దూరపు నంబరు త్రిప్పు ఎస్.టి.డి. సౌకర్యము మొదలైనది. 1997లో టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, ఏర్పడినది. నేడు ఎస్.టి.డి. అను మాటయే పిల్లలకు తెలియదు. కాని కోరని పాట ఫోనులో చేరి బ్యాలెన్సు తగ్గుట, కోరని సేవకు డబ్బు పోవుట మన ఊళ్ళలో కూడ విన్న మాటలే. కూలి చేసికొని రీఛార్జి చేయించుకొను ఇల్లాలికి అయిదు రూపాయలు చిన్నవి కావు. గల్ఫు దేశమునుండి భర్త ఫోను చేయు వేళకు ఫోను పనిచేయకుండుట ఇంకను పెద్ద నష్టము. కనుక ఈ క్రింది సంగతులు గుర్తుంచుకొనవలయును.

మొదటిది: అదనపు సేవలకు రెండుమార్లు సమ్మతి తీసికొనవలయునని 2013లో ట్రాయ్ ఆదేశించినది. అట్టి సేవను ఆపించుటకు 155223 అను ఉచిత నంబరు ఏర్పడినది. సేవ మొదలైన 24 గంటలలోపల అడిగినచో కోసిన డబ్బు తిరిగి పొందవచ్చును.

రెండవది: నంబరు మారకుండ కంపెనీ మార్చుకొను సౌకర్యము 2011 జనవరినుండి దేశమంతట కలదు. అందులకు మీ ఫోనునుండియే 1900కు సందేశము పంపవలయును. ఒక రహస్య సంకేతము వచ్చును. ఆ సంకేతమే మీ సమ్మతి. సంతలో గొడుగు క్రింద కూర్చున్నవాడు బహుమతి ఇచ్చెదనన్నను, ఆ ఆలోచన లేనివారు దానిని చూపరాదు.

మూడవది: ముందుగా డబ్బు కట్టువారికి నెలసరి బిల్లు రాదు. అయినను గత ఆరు నెలలలోని వాడుక పద్దులను కోరి తీసికొను హక్కు 2012 నియమములవలన కలదు. దీనికి 50 రూపాయలకు మించి తీసికొనరాదు.

నాలుగవది: ఫిర్యాదును మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రమునకే చేయవలయును. వారు ఒక ఫిర్యాదు సంఖ్య ఇచ్చి తీరవలయును. ఆ సంఖ్యను, తేదిని కాగితముపై వ్రాసి ఉంచుకొనుడు. సంఖ్య లేని ఫిర్యాదు గాలిలో చెప్పిన మాట. గడువులోపల పరిష్కారము కాకున్నను, అయినది తృప్తికరముగా లేకున్నను, 30 దినములలోపల అదే కంపెనీ అప్పీలు అధికారికి అప్పీలు చేయవచ్చును. అందులకు రుసుము లేదు. 39 దినములలో అప్పీలు తేల్చవలయునని నియమము. ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను స్వయముగా విచారింపదు. కనుక నేరుగా అచ్చటికి వ్రాసి కాలము పోగొట్టుకొనరాదు.

అయిదవది: అక్కడను న్యాయము జరుగకున్నచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. టెలిఫోను తగాదాలు ఈ కమిషనుల పరిధిలోనికి రావను వాదమును సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో త్రోసిపుచ్చినది. 2019 నాటి చట్టము ప్రకారము తాము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయల లోపైనచో రుసుము లేదు. కష్టము కలిగిన నాటినుండి రెండేండ్లలోపల వేయవలయును. సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరున ఫోను చేయవచ్చును.

చదువురాని పెద్దలకు ఇవి యన్నియు కష్టముగా తోచును. అందులకు ఊరే పూనుకొనవలయును. నెలకొక ఆదివారము గ్రంథాలయములోనో, పంచాయతీ కార్యాలయములోనో ఇద్దరు చదువుకొన్న యువకులు, యువతులు కూర్చుండి, పెద్దల ఫోనులను, బిల్లులను చూచి, అనుమానపు పద్దులను గుర్తించి, ఫిర్యాదు చేయించి, సంఖ్యను పుస్తకములో వ్రాయవచ్చును. దీనికి ఖర్చు లేదు. ఒక నోటు పుస్తకము చాలును. ఒకే కంపెనీపై ఒకే తీరు ఫిర్యాదులు పది కనబడినచో, పదుగురును కలిసి వ్రాయవచ్చును.

అయిదు రూపాయలకు ఇంత శ్రమ యెందుకని అనుకొనరాదు. ఒక లక్షమంది వద్ద అయిదేసి రూపాయలు తీసినచో అయిదు లక్షలగును. తీయువానికి అది చిన్న మొత్తము కాదు. అమెరికాలో నియమములు మారినది గొప్ప కంపెనీల దయవలన కాదు. తమ బిల్లును చదివి, రెండు మూడు డాలర్ల పద్దునకు సైతము ఉత్తరము వ్రాసిన సామాన్యుల పట్టుదలవలననే. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. అడుగు విధము తెలిసికొని, వ్రాతమూలకముగా, గడువులోపల అడుగుట మన చేతిలోని పని. ఈ నెల ఇంటికి వెళ్ళిన పిదప మీ ఫోను లెక్కను ఒకసారి చూచుకొనవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాము.